ఒడ్డెక్కిన కుర్సురా

విశాఖపట్నం తీరంలో ఈ పాతికేళ్లలో రెండు ఓడలు ఒడ్డెక్కాయి. ఒకదాన్ని సముద్రం విసిరేసింది, రెండోదాన్ని మనుషులే పనిగట్టుకుని లాక్కొచ్చారు. 2020 అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు 'ఎంవీ మా' అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు నిలవక తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదికి వచ్చి కూలబడింది. సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఓడను మళ్లీ నీళ్లలోకి దింపబోతే కదల్లేదు. హోటల్‌గా మారుస్తామని పర్యాటక శాఖ ప్రకటించింది కానీ ఆ పని అనుకున్నట్టు సాగలేదు. ఉప్పుగాలి మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

రెండోది అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, రామకృష్ణా బీచ్‌లో కాంక్రీటు దిమ్మెల మీద కూర్చుంది. పేరు ఐఎన్‌ఎస్ కుర్సురా, జలాంతర్గామి. నౌకాదళం వాళ్ల నంబరు ఎస్-20. ఈ వ్యాసం దాని గురించే.

సముద్రానికి దూరంగా ఉన్న మన పగిడ్యాల వాళ్లకు ఓడలతో ఏం పని అంటారేమో. మన పొలాలకు నీళ్లిచ్చే కర్నూలు-కడప కాలువను 1863-70 మధ్య తవ్వించింది ఒక్క సేద్యానికే కాదు, పడవలు నడపడానికి కూడా. వెనక సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన, లండన్ పెట్టుబడిదారుల డబ్బు ఉన్నాయి. వాళ్ల కంపెనీకి గిట్టుబాటు కాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. తర్వాత పడవలు పోయాయి, కాలువ మిగిలింది. ఇప్పుడు మన ముచ్చుమర్రి దగ్గర శ్రీశైలం వెనక జలాలను మోటార్లతో ఎత్తి ఆ కాలువలోనే పోస్తున్నారు. కాబట్టి ఓడ సంగతి మనకు మరీ పరాయిదేమీ కాదు.

కుర్సురా పుట్టింది సోవియట్ యూనియన్‌లో. 1969 డిసెంబరు 18న రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. అంతకు రెండేళ్ల ముందు, 1967 డిసెంబరు 8న, ఐఎన్‌ఎస్ కల్వరితో మన దేశానికి జలాంతర్గామి దళం ఏర్పడింది. ఖాందేరి, కరంజ్ తర్వాత వచ్చిన నాలుగోది ఇది. సోవియట్ వాళ్ల లెక్కలో ఈ రకం 'ప్రాజెక్ట్ 641', పాశ్చాత్య దేశాలు పెట్టిన పేరు 'ఫాక్స్‌ట్రాట్'. పొడవు 91.3 మీటర్లు. మూడు డీజిల్ ఇంజన్లు, మూడు పెద్ద ఎలక్ట్రిక్ మోటార్లు, మూడు పంకాలు. లోపల ఉండేది సుమారు 75 మంది.

డీజిల్ ఇంజన్ ఉందంటేనే ఈ యంత్రం గుట్టు సగం తెలిసిపోతుంది. డీజిల్ మండాలంటే గాలి కావాలి, నీళ్ల కింద గాలి లేదు. అందుకే పైకి వచ్చినప్పుడు ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకుంటుంది. మునిగాక ఆ బ్యాటరీలతో మోటార్లు తిప్పుకుంటుంది. ఈ రకంలో 448 సీసపు బ్యాటరీ సెల్‌లుంటాయి. పనిచేసే సూత్రంలో మీ ట్రాక్టర్ బ్యాటరీకీ వీటికీ తేడా లేదు, పరిమాణంలోనే తేడా. వేగంగా పోతే గంటల్లో ఖాళీ అయిపోతాయి. గంటకు రెండు నాటికల్ మైళ్లు, అంటే మనిషి నడిచే వేగం కన్నా తక్కువగా కదిలితే, 400 నాటికల్ మైళ్ల దాకా వస్తాయి. అది సుమారు 740 కిలోమీటర్లు, పగిడ్యాల నుంచి విశాఖకు రోడ్డు మీద పోయే దూరానికి కాస్త అటూ ఇటూ. పట్టే కాలం ఎనిమిది రోజులకు పైనే.

బయటికి పూర్తిగా తేలకుండా ఒక గొట్టం మాత్రం పైకి పెట్టి గాలి పీల్చుకునే వీలుంది. దాన్ని స్నార్కెల్ అంటారు. కానీ ఆ గొట్టం రాడార్‌కు దొరకొచ్చు, ఇంజన్ల చప్పుడు శత్రువు చెవిన పడొచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. బ్యాటరీ నిండేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం దాటితే నిప్పురవ్వ చాలు. కాబట్టి జలాంతర్గామి అనగానే నీళ్లలోనే కాపురముండే చేప లాంటిదని ఊహించుకోవద్దు. అణుశక్తితో నడిచేవాటి సంగతి వేరు. కుర్సురా తరానివన్నీ అప్పుడప్పుడు ఊపిరి బిగబట్టి మునిగే ఓడలే.

ఊపిరి చాలకపోతే ఏమవుతుందో 1962 అక్టోబరులో క్యూబా సంక్షోభంలో తేలింది. ఈ రకం సోవియట్ జలాంతర్గాములు నాలుగు అక్కడికి వెళ్లాయి. అమెరికా ఓడలు చుట్టుముట్టడంతో బి-59 అనేది పైకి రాలేకపోయింది. బ్యాటరీలు అడుగంటాయి, లోపల వేడికి మనుషులు సొమ్మసిల్లారు. అణు టార్పెడో పేల్చే మాట కూడా వచ్చింది. వసీలీ అర్ఖిపోవ్ అనే అధికారి ఒప్పుకోలేదు, బి-59 నీళ్ల పైకి తేలింది. చలి సముద్రాల కోసం తయారైన యంత్రమది. మన అరేబియా సముద్రపు ఉక్కలో అందులో ఉద్యోగం చేసినవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఇక మునగడం, తేలడం. కుర్సురా నీటిపై ఉన్నప్పుడు పక్కకు నెట్టే నీరు సుమారు 1,950 టన్నులు, మునిగినప్పుడు 2,475 టన్నులు. తేడా 525 టన్నులు. మునగడమంటే దాదాపు అంత సముద్రాన్ని ఒంట్లోకి ఎక్కించుకోవడం. దీనికి రెండు పొట్టులున్నాయి. లోపలిది గట్టిది, మనుషులూ యంత్రాలూ ఉండేది. బయటిది పలుచనిది. ఈ రెండింటి నడుమ ఉన్న ట్యాంకుల్లోకి నీళ్లు వదిలితే మునుగుతుంది, బిగించి దాచిన గాలిని ఊది ఆ నీళ్లు వెళ్లగొడితే తేలుతుంది. బీచ్‌లో దాని పక్కన నిలబడి తలెత్తితే పై అంచు పొడుగునా వరసగా కోసిన కంతలు కనిపిస్తాయి. తుప్పు పట్టి పడ్డ బొక్కలని కొందరు అనుకుంటారు. అవి నీళ్లు రావడానికీ పోవడానికీ కావాలని పెట్టినవి.

నేర్పు మాత్రం మునగడంలో లేదు, మునిగాక నిలకడగా ఉండడంలో ఉంది. ఒక్కో టార్పెడో సుమారు రెండు టన్నులు. అది వదలగానే ముందు భాగం తేలికైపోయి ముక్కు పైకి లేస్తుంది. వెంటనే అంత బరువు నీటిని లోపలికి తీసుకోవాలి. ఇంధనం ఖర్చయినకొద్దీ లెక్క మారుతుంది. ఈ జమాఖర్చు చూసేవాళ్లు కళ్లు మూయడానికి లేదు.

పది మీటర్లు దిగితే ఒక వాతావరణ పీడనం అదనం. 250 మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు, చదరపు మీటరుకు 250 టన్నులు. లోపలి పొట్టు గుండ్రంగా ఉండటానికి కారణం ఇదే. గుండ్రటి గోడ మీద ఒత్తిడి అన్ని వైపులా సమానంగా సర్దుకుంటుంది, మూలలుంటే అక్కడే చీలుతుంది. లోపల ఏడు గదులున్నాయి. వాటి మధ్య తలుపులు కూడా గుండ్రమే. ముందు కాలు పెట్టి, తర్వాత తల వంచి దూరాలి. ఆరడుగుల మనిషైతే నుదుటికి బొప్పి ఖాయం.

ముందు గదిలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనక గదిలో నాలుగు. మొత్తం 22 టార్పెడోలు పట్టేవి. వాటి పక్కనే మనుషుల పడకలు, ఒకరు దొర్లితే ఇంకొకరికి తగిలేంత దగ్గరగా. తాగే నీళ్లు కొలత ప్రకారమే, స్నానం మాట మరిచిపోవడమే. మధ్య గదిలో వాల్వుల చక్రాలు, మీటర్లు, పైపులు గోడ కనిపించనంతగా కమ్ముకుని ఉంటాయి. చాలామంది అక్కడ ఫొటో తీసుకుని ముందుకు కదులుతారు. నన్నడిగితే ఎక్కువసేపు నిలబడాల్సింది ఇంజన్ గదిలో. రెండు ఇంజన్ల మధ్య మనిషి పట్టేంత సందు, ఆ చప్పుడులో, ఆ వేడిలో డ్యూటీ.

1971 యుద్ధంలో కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. గీసిన హద్దు దాటొద్దని ఆజ్ఞలు, ఒక్క టార్పెడో కూడా పేల్చలేదు. తర్వాత అంతకన్నా పెద్ద కష్టం వచ్చింది. విడిభాగాలు దొరకలేదు. 1970లలో దీన్ని పక్కనపెట్టి, ఇందులోని భాగాలు ఊడదీసి తక్కిన జలాంతర్గాములకు బిగించారు. మూలనపడ్డ ట్రాక్టరు నుంచి ఒక్కో నట్టూ విప్పి, నడుస్తున్న ట్రాక్టరును బతికించే పని మన పల్లెల్లో ఎవరికి తెలియదు? అలా విప్పేసింది మళ్లీ పొలం దున్నిన దాఖలా మాత్రం అరుదు. కుర్సురా ఆ అరుదైన కోవలోది. 1980-82లో సోవియట్ యూనియన్‌లో బాగుచేసి, 1985లో మళ్లీ కొలువులో పెట్టారు. 2001 ఫిబ్రవరి 27న సెలవు తీసుకునేనాటికి 31 ఏళ్ల సర్వీసు, 73,500 నాటికల్ మైళ్ల ప్రయాణం. భూమిని మూడుసార్లు చుట్టి ఇంకా మిగిలేంత దూరం అది.

రిటైరైన ఓడ మామూలుగా తుక్కు కొట్టుకో, సముద్రపు అడుగుకో పోతుంది. దీన్ని బీచ్‌కు తెచ్చారు. తేలినప్పుడు ఆరు మీటర్ల లోతు నీళ్లు కోరే వస్తువును, అలలు విరిగే లోతులేని ఇసుకను దాటించి, గట్టు మీదికి లాగి, ఒరగకుండా నిలబెట్టాలి. పద్దెనిమిది నెలలు, సుమారు అయిదున్నర కోట్ల రూపాయలు పట్టింది. 2002 ఆగస్టులో మ్యూజియంగా తలుపులు తెరిచారు. పన్నెండేళ్ల తర్వాత, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ నేరుగా విశాఖను కొట్టింది. బీచ్ రోడ్డు కకావికలైంది కానీ కుర్సురా చోటు తప్పలేదు. 'ఎంవీ మా'ను చూసినవాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించదు.

చూసేవాళ్లలో చాలామంది ఇదే ఘాజీ అనుకుంటారు. సినిమా ప్రభావం కాబోలు. ఘాజీ పాకిస్తాన్‌ది, పూర్వాశ్రమంలో అమెరికా వాళ్ల 'డయాబ్లో'. 1971 డిసెంబరు 3-4 అర్ధరాత్రి విశాఖ రేవు బయట మునిగింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన బాంబులే కారణమని మన నౌకాదళం, తాను పరిచిన మందుపాతరలకే బలైందని పాకిస్తాన్ అంటాయి. అది ఇప్పటికీ నీళ్ల అడుగునే ఉంది, చూడ్డానికి దొరకదు. దొరికేది కుర్సురాయే.

నంద్యాలలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా విశాఖలో దిగొచ్చు. మ్యూజియానికి సోమవారం సెలవు, అది చూసుకుని బయల్దేరండి. లోపల దారి చూపేవాళ్లలో నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లుంటారు. గుంపుతో పాటు పరుగెత్తకుండా వాళ్లను ఆపి అడగండి, పిల్లలతో అడిగించండి. గోడ మీది బోర్డులో లేనివి చెబుతారు.