దుకాణ మరమ్మతులకు గుత్తేదారు ఎంపిక

దుకాణ మరమ్మతులకు గుత్తేదారు ఎంపిక అనగా, నడుస్తున్న చిన్న వ్యాపారపు కట్టడాన్ని బాగు చేయుటకు లేదా మార్చుటకు తగిన కాంట్రాక్టరును గాని మేస్త్రీని గాని కుదుర్చుకొని ఒప్పందం చేసుకొనుట. కొత్త ఇల్లు కట్టుటకును దీనికిని ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ఇక్కడ పని సాగినన్నాళ్ళు దుకాణం మూతపడి ఉండును, అద్దె మాత్రం ఆగదు. ఈ వ్యాసం తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలను దృష్టిలో ఉంచుకొని విషయాన్ని వివరిస్తున్నది.

నేపథ్యం

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి (65వ నంబరు, పూర్వం 9వ నంబరు) పై ఉన్నవి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా కేంద్రమైనది. కోదాడ ఆ జిల్లాలోనిదే. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలో ఉన్నది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండే వరి వలన మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి పొందినది. మేళ్ళచెరువు, మఠంపల్లి, వాడపల్లి ప్రాంతాలలో సిమెంటు కర్మాగారాలు ఉన్నందున ఈ పట్టణాలకు సిమెంటు దూరం నుండి రావలసిన పని లేదు. చెప్పిన రోజుకు పనివారు రావడమే కష్టం.

పనికి అనువైన కాలం

గుత్తేదారును వెదుకుటకు ముందే కాలాన్ని నిర్ణయించుకొనవలెను. పెళ్ళిళ్ళు ఉండని ఆషాఢ మాసంలో బట్టల దుకాణాలు, నగల దుకాణాలు పని పెట్టుకొనుట వాడుక. శ్రావణం నాటికి తిరిగి తెరవవలెను కనుక గడువు కఠినంగా ఉండును. అయితే ఆషాఢం వానాకాలంలో వచ్చును. టైల్స్, అల్మారాలు, విద్యుత్ వైరింగు వంటి లోపలి పనులకు ఇబ్బంది లేదు గాని, తడి గోడపై పెట్టిన పుట్టీ, రంగు తరువాత పొరలుగా ఊడిపోవును. స్లాబు కారుట, పైకప్పు మార్చుట వంటి పనులు వేసవిలోనే ముగించుట మేలు. బియ్యపు మిల్లులకు లెక్క వేరు. యాసంగి ధాన్యం ముగిసి వానాకాలపు ధాన్యం రాకమునుపు దొరికే విరామమే వాటికి అదను.

గుత్త పద్ధతులు

రోజు కూలి, కూలి గుత్త, సామగ్రితో సహా మొత్తం గుత్త అని మూడు పద్ధతులు వాడుకలో ఉన్నవి. రోజు కూలిలో పని సాగదీయుటకు అవకాశం ఎక్కువ. మొత్తం గుత్తలో యజమానికి తిరుగుడు తగ్గును గాని సిమెంటు, తీగలు, పైపుల నాణ్యత గుత్తేదారు చేతిలో ఉండును. కూలి గుత్త చదరపు అడుగు లెక్కన కుదురును, సామగ్రి యజమాని తెచ్చును. దుకాణంలో కూర్చొని పని చూసుకోగల చిన్న వ్యాపారికి ఇదే సాధారణంగా అనుకూలం.

కట్టడపు ప్రమాదాలు

పాత బజారులలోని అనేక దుకాణాలు గోడలపైనే బరువు మోపి కట్టినవి. వాటిలో స్తంభాలు ఉండవు. రెండు గదులను ఒకటిగా చేయుటకు నడిమి గోడ తీసివేయుట తరచుగా కోరే పని, అన్నిటిలో ప్రమాదకరమైన పని కూడా ఇదే. గోడ తీయకముందు పైకప్పుకు పోట్లు పెట్టి, ఇనుప దూలం గాని కాంక్రీటు దూలం గాని వేయవలెను. దాని కొలత ఇంజనీరు లెక్క కట్టవలసినదే తప్ప మేస్త్రీ అంచనాకు వదలరాదు. "ఏమీ కాదు" అని వెంటనే గోడకు సమ్మెట వేసే గుత్తేదారును అక్కడే వదులుకొనుట మంచిది. పక్క దుకాణంతో ఉమ్మడి గోడ ఉన్నచో ఆ యజమాని అంగీకారం, అద్దె దుకాణమైనచో స్వంతదారుని వ్రాతపూర్వక అనుమతి ఉండవలెను.

తొందర వలన కూడా ప్రమాదం కలదు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం కాంక్రీటును సాధారణ సిమెంటైతే కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటైతే 10 రోజులు తడపవలెను. స్లాబు కింది పోట్లు 4.5 మీటర్ల లోపు విస్తారానికి 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచవలెను. ఈ రోజులను తగ్గించి గడువు చెప్పే గుత్తేదారు మాట నమ్మదగినది కాదు.

సున్నం, టైల్స్ వంటి పనులకు పురపాలక అనుమతి అక్కరలేదు. అంతస్తు పెంచుట, కట్టడాన్ని ముందుకు జరుపుట వంటి వాటికి అనుమతి అవసరం.

ధరలు పోల్చుట

కనీసం ముగ్గురి వద్ద ధర అడుగుట మంచి అలవాటే గాని, ముగ్గురికీ ఒకే పనుల పట్టిక ఇవ్వనిచో ఆ ధరలు పోల్చుటకు పనికిరావు. ఒకరు పాత ప్లాస్టరు కొట్టివేతను, మట్టి ఎత్తివేతను కలిపి చెప్పగా, మరొకరు వాటిని వదిలి తక్కువ ధర చెప్పవచ్చును. కొలత పద్ధతి కూడా ముందే తేల్చుకొనవలెను. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిలో నాలుగు గోడల వైశాల్యం 800 చదరపు అడుగులు. 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల షట్టరును తీసివేయనిచో, లేని గోడకు 80 చదరపు అడుగుల కూలి చెల్లించినట్లగును.

గుత్తేదారు చూపే కొత్త పని కంటే, అతడు చేసి రెండు వానాకాలాలు గడిచిన పనిని చూచుట మేలు. నెర్రెలు, చెమ్మ అప్పటికి బయటపడును.

ఒప్పందం, పన్ను

పనుల పట్టిక, సామగ్రి రకం, గడువు, అదనపు పనికి ధర, పనివారికి గాయమైనచో బాధ్యత ఎవరిదో కాగితంపై ఉండవలెను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, ఆలస్యానికి ఒప్పందంలో మొత్తం వ్రాసుకొన్నచో న్యాయస్థానం ఆ మొత్తం మించకుండా సమంజసమైన పరిహారం ఇప్పించగలదు. చెల్లింపులు పని దశలను బట్టి జరగవలెను. అడ్వాన్సు మొదటి దశ ఖర్చును మించరాదు. చివరి భాగాన్ని కొన్నాళ్ళు ఆపి ఉంచుట ఉభయులూ ముందే ఒప్పుకొన్న షరతుగా ఉండవలెను. లేనిచో అది తగాదాగా మారును.

నమోదైన గుత్తేదారు బిల్లుపై జి.ఎస్.టి. సాధారణంగా 18 శాతం. ఏడాది ఆదాయం 20 లక్షల రూపాయలు దాటని గుత్తేదారుకు సాధారణంగా నమోదు తప్పనిసరి కాదు, నమోదు లేనివాడు పన్ను వసూలు చేయరాదు. కట్టడం విలువలో చేర్చి చూపిన మరమ్మతు ఖర్చుపై పన్ను జమ వ్యాపారికి దొరకదు.

వివాదాలు

2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనానికి తీసుకొన్న సేవలను మినహాయించినందున, ఇంటి మరమ్మతుకు దొరికే మార్గం దుకాణ మరమ్మతుకు దొరకకపోవచ్చును. అప్పుడు మిగిలేది సివిల్ దావా. ఒప్పంద ఉల్లంఘనపై దానికి కాలపరిమితి 3 సంవత్సరాలు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం కింద జరిగే లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలు రాజీ పడినచో, ఆ తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు.