కోదాడ ఫోనులో చేర్యాల ఎరుపు

సూర్యాపేటలో ఓ మేడమీది గదిలో చిన్న బొమ్మల స్టూడియో ఉందనుకుందాం. మాస్టారు బట్ట మీద వేసే చేర్యాల నకాశీ పటం నేర్పుతున్నారు. కోదాడ నుంచి ఓ అమ్మాయి, మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూసే ఒకాయన యూపీఐలో ఫీజు కట్టి ఫోనులో పాఠం వింటున్నారు. మాస్టారు పటానికి వెనక ఎరుపు పూస్తున్నారు. పూత ముప్పావు వంతు అయ్యేసరికి ఫోనులో ఆయన చెయ్యి నీలంగా కనబడసాగింది.

"సార్, అది కుంకుమ ఎరుపా, ఇటుక ఎరుపా?"

"నెట్ సరిగా లేనట్టుందమ్మా."

పాపం, నెట్‌ది ఏ తప్పూ లేదు. రంగు సూర్యాపేట దాటకముందే చెడింది.

తెల్ల కాగితం ట్యూబ్‌లైటు కింద చూసినా, దీపం వెలుగులో చూసినా మనకు తెల్లగానే ఉంటుంది. పడే వెలుగు రంగును మెదడు తీసేసి చూపిస్తుంది. కెమెరా ఆ పనిని అంచనా మీద చేస్తుంది. దాని పాత లెక్క ఒకటుంది: ఎదురుగా ఉన్న రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద రంగు రావాలి. చెట్టూ చేమా, జనం ఉన్న దృశ్యంలో ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. చేర్యాల పటంలో వెనకంతా ఎరుపే. గదిలో ఎర్ర దీపం వెలిగిందని కెమెరా భ్రమపడి, ఎరుపు తగ్గించి నీలం పెంచుతుంది. ఇప్పటి ఫోన్లు ఇంతకన్నా తెలివిగానే లెక్క వేస్తాయి గానీ తెరంతా ఎరుపైతే అవీ తడబడతాయి. మందు తేలికే. పాఠానికి ముందు అదే దీపం కింద తెల్ల కాగితం చూపించి, వైట్ బ్యాలెన్స్‌ను అక్కడే లాక్ చేయాలి. కిటికీ వెలుగు గంటగంటకూ మారుతుంది కాబట్టి పరదా వేసుకోవడం మేలు.

రెండో చిక్కు ఇంకా ఆసక్తికరం. ఎర్ర పటం మీద ముదురు నీలంతో కృష్ణుణ్ణి దిద్దారు. ఎదురుగా కూర్చుంటే అంచు కత్తిలా ఉంది. ఫోనులో మాత్రం తడి కాగితం మీద సిరా పాకినట్టుంది. ఎందుకు?

మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత సన్నగా రంగుల తేడాను పట్టలేదు. ఈ బలహీనతను 1953లో అమెరికా కలర్ టీవీ ఇంజినీర్లు వాడుకున్నారు. వెలుగు వివరం పూర్తిగా పంపి, రంగు వివరం ముతకగా పంపారు. 1982లో ఏషియాడ్ వేళ దూరదర్శన్ రంగుల్లోకి వచ్చినప్పుడూ ఇదే కిటుకు. వెలుగు విడిగా వచ్చేది కాబట్టే పాత బ్లాక్ అండ్ వైట్ సెట్లు కూడా ఆ ఆటలను చూపించగలిగాయి.

ఇవాళ ఫోనులో వీడియో కూడా ఆ పొదుపు మీదే నడుస్తోంది. 1920 × 1080 వీడియోలో వెలుగుకు 20,73,600 చుక్కలుంటే, రంగుకు దక్కేవి సాధారణంగా 5,18,400. అంటే నాలుగు చుక్కలకు కలిపి ఒకటే రంగు. సినిమాకూ, క్రికెట్‌కూ ఇది చాలు. రంగే పాఠమైన చోట మాత్రం దెబ్బ కొడుతుంది. పైగా ఆ వెలుగు లెక్కలో ఆకుపచ్చకు సుమారు 72 శాతం, ఎరుపుకు 21, నీలానికి 7 శాతమే వాటా. ఎరుపు, ముదురు నీలం రెండూ వెలుగులో దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి, వాటి మధ్య అంచును మోయాల్సింది ముతక రంగు వివరమే. కావాలంటే ముదురు నీలి చార్టు మీద సన్నని ఎర్ర కాగితం పీలిక అంటించి, వీడియో తీసి, ఆపి పెద్దది చేసి చూడండి.

నెట్ పాత్ర ఆ తర్వాత మొదలవుతుంది. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున, రంగు పొదుపు కూడా చేయకుండా, కుదించని వీడియో పంపాలంటే సెకనుకు 124 కోట్ల బిట్లు కావాలి. ఫోనుకు చేరేది ఏ 20 లక్షలో. మారిన భాగాన్నే పంపడం అందులో పెద్ద ఆదా. కదిలేది చెయ్యి ఒక్కటే కాబట్టి బొమ్మల పాఠానికి ఇది కలిసొచ్చే సంగతే. కాకపోతే బట్ట నేత, ఎండు కుంచె జాడ లాంటి సన్నని వివరాలు ఈ కుదింపులో ముందుగా ఎగిరిపోతాయి. సిగ్నల్ తగ్గితే ఫోను తనంతట తానే 640 × 360కి దిగుతుంది. అప్పుడు అడ్డంగా రంగు చుక్కలు 320. మూడడుగుల వెడల్పు పటాన్ని తెర నిండా చూపిస్తే ఒక్కో రంగు చుక్కకు దాదాపు 3 మిల్లీమీటర్ల బట్ట వస్తుంది. కన్ను దిద్దే కుంచె మొన అంతకంటే సన్నం! కెమెరాను దించి జానెడు మేర చూపిస్తే అది 0.7 మిల్లీమీటరుకు వస్తుంది. ఖరీదైన కెమెరా కొనేముందు ఉన్నదాని స్టాండు ఎత్తు సంగతి చూసుకోవాలని నా అభిప్రాయం.

పాఠాల అమ్మకం కూడా ఈ లెక్కల మీదే ఆధారపడాలి. లైవ్‌లో మాట వెంటనే చేరాలి కాబట్టి దారిలో పోయిన ముక్క కోసం ఆగే తీరిక ఉండదు. బొమ్మ మసకబారుతుంది. రికార్డు చేసిన పాఠమైతే ఫోను ముందే కొంత నింపుకొని కూర్చుంటుంది. అందుకే కుంచె పని రికార్డులో, తప్పులు దిద్దడం లైవ్‌లో పెట్టుకుంటే రెండూ నిలుస్తాయి. సెకనుకు 20 లక్షల బిట్ల వీడియో గంటకు 900 ఎంబీ తింటుంది. పది నిమిషాల ముక్కలు చేస్తే ఒక్కోటి 150. ఈ అంకె ఫీజు పక్కనే రాసిపెట్టడం న్యాయం.

ఇక ఎరుపు. పాతకాలపు నకాశీ చిత్రకారులు వాడిన ఇంగిలీకం పాదరసం, గంధకం కలిసిన పదార్థం. పిల్లల చేతికి ఇవ్వదగింది కాదు, పోస్టర్ రంగు చాలు. ఆ రంగును మాస్టారు ఓ బట్ట పీలిక మీద పూసి ఆరబెట్టి, కవరులో పెట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తారు. కోదాడ అమ్మాయి దాన్ని తన కిటికీ దగ్గర, తాను కలిపిన రంగు పక్కన పెట్టి చూసుకుంటుంది. రెండింటి మీదా పడేది ఒకే వెలుగు, చూసేది ఆమె కన్ను.