కిటికీ ప్రక్కన తిన్నె, గోడకు అరలు

పాతకాలపు మండువా ఇళ్లలో పెరిగినవారికి ఒక సంగతి జ్ఞాపకముండును. ఆ యిళ్ల గోడలు మూరెడు మందముండెడివి. అట్టి గోడలో కిటికీ పెట్టినపుడు లోపలివైపున తనంతట తానే ఒక గట్టు ఏర్పడెడిది. మధ్యాహ్నపు వేళ పిల్లవాడొకడు ఆ గట్టెక్కి, కాళ్లు ముడుచుకొని చదువుకొనెడివాడు. సాయంకాలము అమ్మమ్మ చాట ఒడిలో నుంచుకొని, వీధి చూచుచు, బియ్యములో రాళ్లు ఏరెడిది. కిటికీకి ఇరుప్రక్కల గోడలోనే గూళ్లుండెడివి. ఒకదానిలో దీపము, మరొకదానిలో పంచాంగము, నాలుగు పుస్తకములు. ఇవన్నియు గోడ మందము మనకిచ్చిన కానుకలు.

నేటి ఇంటి గోడ 9 అంగుళములు. గదికి గదికి నడుమ అడ్డుగోడ నాలుగున్నర అంగుళములే. గోడ సన్నగిల్లినది; గట్టు పోయినది, గూళ్లును పోయినవి. కుర్చీలు, బీరువాలు వచ్చి గదిని ఆక్రమించుకొన్నవి. ఐనను మనిషి స్వభావము మారలేదు. గదిలో ప్రవేశించినవాడు వెలుతురువైపునకే పోవును, పోయి, కూర్చుండగోరును. 1977లో వెలువడిన ‘ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్’ అను గ్రంథములో వాస్తుశిల్పి క్రిస్టఫర్ అలెగ్జాండరు, ఆయన సహచరులు ఈ విషయమునే వివరించిరి. కూర్చుండు చోటొకచోట, వెలుతురొకచోట ఉన్న గదిలో మనస్సు రెంటి నడుమ ఊగులాడునని వారి భావము. మన దేశములో లారీ బేకరు (1917–2007) కేరళలో కట్టిన ఇళ్లలో ఆసనములను, అరలను గోడలతోపాటు ఇటుకతోనే కట్టించి, కలప ఖర్చును తగ్గించి చూపెను.

పోయిన గట్టును మనము తిరిగి తెచ్చుకొనుటెట్లు? గోడను తొలిచి మాత్రము కాదు. బరువు మోయు గోడలో గూడు తొలుచుట ఇంటికే ప్రమాదము. గూడు కావలెనన్నచో ఇల్లు కట్టునపుడే పైన అడ్డుదూలము వేసి వదలవలెను. కట్టిన ఇంటిలో చేయదగినది వేరొకటి. కిటికీకి ఇరువైపుల గోడ కానించి, గదిలోనికి ముందుకు వచ్చునట్లు అరలు నిలిపి, వాటి నడుమ కిటికీ క్రింద తిన్నె అమర్చుట. అరల లోతే పాత గోడ మందమువలె కనిపించును.

ఒక ఉదాహరణము తీసికొందము. గోడ పొడవు 11 అడుగులు, నడుమ 4 అడుగుల కిటికీ ఉన్నదనుకొందము. తిన్నెకు 5 అడుగులు, ఇరుప్రక్కల అరలకు మూడేసి అడుగులు విడువవచ్చును. ఐదడుగులున్నచో ఒకరు అరల ప్రక్కచెక్కకు వీపానించి కాళ్లు చాచుకొనవచ్చును, ఇద్దరు కూర్చుండవచ్చును. తిన్నె వెడల్పు 20 అంగుళములు, ఎత్తు మెత్తతో కలిపి 18 అంగుళములు. అంతకు మించినచో పొట్టివారి కాళ్లు నేలకానవు. పుస్తకముల అరలకు 10 లేక 11 అంగుళముల లోతు చాలును. లోతెక్కువైనచో పుస్తకములు రెండు వరుసలగును. వెనుక వరుస మరుపున పడును. బట్టలకు మాత్రము 20 అంగుళములు కావలెను గనుక తిన్నె ఎత్తు వరకు క్రింది భాగమును లోతుగాను, పై భాగమును లోతు తక్కువగాను చేయుట మేలు.

ఏ కిటికీని ఎన్నుకొనవలెను? మన ఎండలలో పడమటి కిటికీ తిన్నె వేసవి సాయంకాలము కూర్చుండుటకు పనికిరాదు. అచటి పుస్తకముల అట్టలును వెలిసిపోవును. ఉత్తరపు వెలుతురు చదువుటకు శ్రేష్ఠము. తూర్పు కిటికీ ఉదయపు కాఫీకి అనుకూలము. ఏ దిక్కైనను పైన సజ్జ ఉండవలెను. కిటికీ గట్టు బయటివైపునకు వాలుగా ఉండవలెను. లేనిచో తొలకరి జల్లు నేరుగా మెత్తమీదికే వచ్చును.

ఇక అరల బలము. పుస్తకముల బరువు మనము తక్కువగా అంచనా వేయుదుము. అడుగు పొడవు అరలో నిండుగా పేర్చిన పుస్తకములు సుమారు 9 కిలోలు తూగును. మూడడుగుల అర 27 కిలోలు. అట్టివి ఐదున్నచో 135 కిలోలు. ఇది ఇద్దరు పెద్దల బరువు. కావున ఈ భారము గోడకు కొట్టిన మేకులమీద వ్రేలాడరాదు. నిలువు చెక్కల ద్వారా నేలకు దిగవలెను. గోడకు బిగించు మరలు అరలు ముందుకు తూలకుండుటకు మాత్రమే.

అర నడుమ క్రుంగుటకు ఒక సూత్రమున్నది. అడుగుకింత బరువు అన్న లెక్క మారకుండగా, ఆధారముల నడిమి దూరము రెట్టింపైనచో క్రుంగుట పదహారు రెట్లగును. చెక్క మందము రెట్టింపు చేసినచో క్రుంగుట ఎనిమిదవ వంతునకే తగ్గును. అనగా మందమైన పలక కొనుటకంటె నడుమ ఒక నిలువు చెక్క పెట్టుట లాభము. ముప్పావు అంగుళము పలకను మూడడుగులు వదలినచో కొన్నాళ్లకు క్రుంగుట కంటికి తెలియును. నడుమ నిలువు పెట్టి ఒకటిన్నర అడుగు చేసినచో ఏండ్లు గడచినను తిన్నగా నిలుచును.

సామగ్రి విషయములో చేవగల టేకును మించినది లేదు. దాని ధరయు అట్లే. ప్లైవుడ్డు వాడువారు భారతీయ ప్రమాణముల గుర్తు చూచి కొనవలెను. సాధారణపు వాడుకకు ఐ.యస్. 303, తడి తగులు చోటికి ఐ.యస్. 710. కొత్తగా ఇల్లు కట్టుకొనువారికి నాపరాయి చక్కని ఉపాయము. బేతంచెర్ల, తాండూరు ప్రాంతముల బండలు, కడప రాయి మనకు అందుబాటులోనే ఉన్నవి. వాటిని గోడలో చొప్పించి కట్టిన అరలకు చెద భయము లేదు. ఐతే రాయి వంగదు, విరుగును. కాబట్టి ఆధారములు దగ్గరగా ఉండవలెను.

చెద అన్నంతనే మా అనుభవమొకటి చెప్పక తప్పదు. కొన్నేండ్ల క్రిందట మా యింటిలో పడమటి గోడకు అంటించి అరలు చేయించితిమి. ఆ గోడకు వానాకాలమున చెమ్మ దిగునని మాకు తెలియును, వడ్రంగికి చెప్పలేదు. రెండు వానాకాలములు గడచినవి. ఒకనాడు అడుగు అరలోని మా తండ్రిగారి ఉత్తరముల కట్ట తీసితిమి. పై కాగితము చెక్కుచెదరలేదు. దానిని విప్పగా లోపల మట్టి. పుస్తకములు మరల కొనవచ్చును. ఆ చేవ్రాత ఇక దొరకదు.

నాటి నుండి మేము ఈ నియమములు పాటించుచున్నాము. చెమ్మగోడను ముందు బాగుచేయించి, పూర్తిగా ఆరిన పిమ్మటనే చెక్కపని మొదలుపెట్టవలెను. బయటి గోడకును చెక్కకును నడుమ అంగుళమైనను గాలి సందు విడువవలెను. చెక్క నేలకు తగులకుండ అడుగున రాతి పట్టీ వేయవలెను. నేలలోని చెద తడిమట్టి గొట్టముల గుండనే పైకి పాకును గనుక, అడుగు పలకనొకదానిని ఊడదీయుటకు వీలుగా ఉంచి, ఏడాదికి రెండు మార్లు దీపము పెట్టి చూడవలెను. మట్టి చార కనిపించినచో తుడిచి ఊరకుండరాదు. అది వచ్చిన దారిని పట్టి మందు వేయించవలెను.

తిన్నె క్రింది ఖాళీని పెట్టెగా వాడుకొనవచ్చును. పై మూత ఉన్నచో మెత్త తీసినగాని తెరువరాదు. అందుచేత ముందువైపు సొరుగులు పెట్టుట సుఖము. మూతయే కావలెనన్నచో దానిని రెండు ముక్కలు చేసి, మీదపడకుండ ఆపు కమ్మీలు బిగించవలెను. గాలి రంధ్రములు ఉండవలెను. తనంతట పడు గడియ ఎంతమాత్రము పెట్టరాదు. దాగుడుమూతలాడు పిల్లలకు అట్టి పెట్టెను మించిన చోటు కనిపించదు. దానిని మించిన అపాయమును లేదు.

అంతకంటె ముఖ్యమైనది కిటికీ. నేల నుండి రెండున్నర అడుగుల ఎత్తున్న కిటికీ గట్టు, తిన్నెమీద నిలిచిన పిల్లవానికి అడుగు ఎత్తులోనికి వచ్చును. మనము తిన్నె కట్టుటతోనే ఆ కిటికీ పిల్లవానికి వాకిలి యగుచున్నది. కావున గట్టి కమ్మీలు లేని కిటికీకి, ముఖ్యముగ మేడమీద, తిన్నె కట్టరాదు. కమ్మీల సందు 4 అంగుళములకు మించరాదు. ఎక్కుటకు వీలగు అడ్డకమ్మీలు ఉండరాదు.

పని మొదలిడుటకు ముందు ఒక చిన్న పరీక్ష చేయుడు. నేలమీద సుద్దతో తిన్నె, అరల హద్దులు గీయుడు. ఆ చోట బల్లయొకటి వేసి వారము దినములు కూర్చుండి చూడుడు. నడకకు అడ్డమగునేమో, తలుపు పూర్తిగా తెరచుకొనునో లేదో, స్విచ్చి బోర్డు అర వెనుక పడునేమో అపుడే తెలియును. పిదప గోడను అడుగున, నడుమ, పైన మూడు చోట్ల కొలువుడు. ఏ గోడయు తిన్నగా నుండదు. అరలను రసమట్టముతోను తూకపుగుండుతోను నిలిపి, గోడవద్ద మిగిలిన సందును సన్నని పట్టీతో మూయించుడు. చెక్కను గోడ వంకరకు వంచరాదు.

కూర్చున్నవారి చెవి ఎత్తున ఒక అరను రేడియోకు విడిచిపెట్టుడు. కరెంటు ప్లగ్గు దగ్గరగా, వెనుక గాలి ఆడునట్లు ఉండవలెను. రాత్రి చదువుకొనుటకు ప్రక్క చెక్కకు చిన్న దీపమొకటి. ఇంతే కావలసినది. ఆ తిన్నెమీద ఎవరు కూర్చుండవలెనో మీరు నిర్ణయింపనక్కరలేదు. ఇంటిలో అందరికంటె చిన్నవారో, అందరికంటె పెద్దవారో ముందుగా వచ్చి ఆక్రమించుకొందురు.