పాచి చేసే మేలు

ఉదయం లేవగానే నాలుకతో పళ్లను తడిమి చూడండి. జిగటగా ఒక పొర తగులుతుంది. దానినే మనం పాచి అంటాము. నీళ్ల తొట్టి గోడకు పట్టే జారుడు పొర కూడా ఇలాంటిదే. కంటికి కనిపించని సూక్ష్మజీవులు లక్షలాదిగా చేరి, తమ జిగురుతో తామే కట్టుకున్న ఇల్లు ఇది. శాస్త్రజ్ఞులు దీనిని బయోఫిల్మ్ అంటారు.

పళ్లమీద చేరితే పాచి వాటిని పుచ్చిపోయేలా చేస్తుంది. కాని ఇలాంటి పాచే గనుల విషపు నీటిని శుభ్రం చేయగలదని మీకు తెలుసా?

గని నీటిలో విషం ఎందుకు ఉంటుంది?

బంగారు రాతిని పొడిచేసి, సైనైడు కలిపిన నీటితో అందులోని బంగారాన్ని కరిగించి తీస్తారు. సైనైడు ఎంత విషమో అందరికీ తెలిసినదే. ఎందరో తెలుగువారు పనిచేసిన కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. అయినా ఆ రాతిపొడి దిబ్బలు ఊరి పక్కనే మిగిలిపోయాయి.

అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో హోమ్‌స్టేక్ అనే బంగారు గని ఉండేది. 1977 వరకు దాని వ్యర్థాలను వైట్‌వుడ్ అనే వాగులోకే వదిలేవారు. ఆ వాగులో చేపలు బతకలేకపోయాయి.

పాచి ఏమి చేసింది?

1984లో ఆ గనివారు నీటిశుద్ధికి 48 యంత్రాలు పెట్టారు. ఒక్కొక్క దానిలో ఇరుసుకు గుచ్చిన పెద్ద పళ్లేల వంటి చక్రాలు సగానికి కొంచెం తక్కువగా నీటిలో మునిగి మెల్లగా తిరిగేవి. చక్రాలమీది పాచికి నీటిలో ఉన్నప్పుడు ఆహారం, పైకి వచ్చినప్పుడు గాలి దొరికేవి. ఆ ఆహారం సైనైడే! ఆ నీటికి అలవాటుపడిన బాక్టీరియా సైనైడును విడగొట్టేది. అప్పుడు అమ్మోనియా మిగిలేది. అదికూడా చేపలకు హానిచేసేదే. అందుకని తరువాతి చక్రాలమీది వేరే బాక్టీరియా దానిని నైట్రేటుగా మార్చేది. నీటిలోని లోహాలు పాచి జిగురుకు అంటుకునేవి. కొంతకాలానికి ఆ వాగులోకి ట్రౌట్ చేపలు తిరిగి వచ్చాయి. గని 2002లో మూతపడింది.

అయితే పాచి లోహాలను మాయం చేయలేదు, పట్టి ఉంచుతుందంతే. లోహాలు పట్టిన ఆ బురదను జాగ్రత్తగా వేరుచేసి భద్రపరచాలి.

మన ఇంట్లో మాటేమిటి?

ఇది చదివి పాచి పట్టిన బిందెలో నీళ్లు మంచివని అనుకోవద్దు. బిందెలు, తొట్లు తోమి కడగండి. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గాని, కరిగి ఉన్న లోహాలు, మన నల్గొండ వైపు బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడు పోవు. కనుక పరీక్ష చేయించని బోరు నీళ్లు పిల్లలకు తాగించకండి. పళ్లమీది పాచిని మాత్రం రోజూ రెండు పూటలా తోముకోవడం మరవకండి.