అక్షరములకు వన్నె

పిల్లల చదువునకై ఇంటిగోడలకు రంగురంగుల యక్షరపటములు వ్రేలాడగట్టుట నేడు మా మాడుగులపల్లివంటి గ్రామములందును కలదు. అవి చూపునకు ముచ్చటగొల్పును. కాని చదువునకు తోడగునా, అడ్డగునా యని సోదరీమణులు విచారింపవలెను.

మన పూర్వులీ సంగతి నెరుగుదురు. తాటాకుపై గంటముతో చెక్కిన యక్షరములు ఆకురంగులో గలిసి స్పష్టముగ గానరావు. అందుచే మసిని నూనెతోగాని ఆకుపసరుతోగాని కలిపి ఆకునకు రుద్ది, పైమసిని తుడిచివేయుచుండిరి. గీతలలో మసి నిలిచి అక్షరము నల్లగా తేటపడెడిది.

1931వ సంవత్సరమున అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయమున టింకర్, పాటర్సన్ అను పండితులు దీనిని కొలిచి చూచిరి. నలుపుపై తెల్లని అచ్చుకంటె తెలుపుపై నల్లని అచ్చును చదువరులు సుమారు నూటికి 10 వంతులు వేగముగ చదివిరి. తెలుపుపై ఆకుపచ్చ, నీలము నల్లని అచ్చునకు చేరువగ నిలిచెను. ఆకుపచ్చపై ఎరుపు, ఊదాపై నలుపు మిక్కిలి వెనుకబడెను. కన్ను అక్షరమును ముఖ్యముగ పోల్చుకొనునది వెలుగుచీకట్ల భేదముచేతనే. మన లిపిలో దకార ధకారములకు భేద మొక చిన్న గీటు. గుడికిని గుడిదీర్ఘమునకును భేద మొక చిన్న సుడి. అవి కానరానిచో బాలుడు ఊహించి చదువును. పెద్దలు వానిని మందబుద్ధి యందురు.

ఎరుపు, ఆకుపచ్చలను వేరుపరుపజాలని పుట్టులోపము సాధారణముగ తల్లివలన కుమారునికి సంక్రమించును. తల్లికి మాత్ర మది కానరాకయే యుండవచ్చును. కావున రంగులయందు తడబడు బాలుని దండింపక వైద్యునికి చూపవలెను.

1935లో స్ట్రూప్ అను నతడు మరియొక వింతను చూపెను. 'ఎరుపు' అను మాటను ఆకుపచ్చ సిరాతో నచ్చువేసి, సిరారంగు చెప్పుమనిన చదువరి తడబడును. మాట చదువుమనినచో నంతగా తడబడడు. అలవడిన చదువు రంగుకంటె ముందే మనస్సున జొరబడును. కావున రంగుల పేర్లు నేర్పునపుడు పేరు నలుపుతో వ్రాసి, ప్రక్కన ఆ రంగు చుక్క పెట్టుట మేలని మా తలంపు.

రంగును విడువుడని మేము చెప్పుటలేదు. శీర్షికకును, గుర్తుంచుకొనదగిన మాటకును ఎరుపు తగును. నుదుట బొట్టొకటి యందము. మొగమంతయు కుంకుమ పూసినచో బొట్టెక్కడ?