సరిగ్గా పిరమిడ్ దగ్గరే వీడియో ఎందుకు ఆగిపోతుంది?

మా అక్క కూతురు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక చీర్ టీమ్‌లో ఫ్లయర్. అంటే కింద నలుగురు కలిసి గాల్లోకి విసిరేది తననే. ఇక్కడ చిలకలగూడలో మా అమ్మకి మనవరాలి కాంపిటీషన్ చూడాలని ఆశ. నిర్వాహకులు లైవ్, రీప్లే రెండూ తమ సొంత సైట్‌లోనే పెడతారు. రొటీన్ మొత్తం రెండున్నర నిమిషాలు. మా ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. అయినా సరే, పాపని పైకి విసిరే టైమ్‌కి స్క్రీన్ మీద గుండ్రం తిరగడం మొదలవుతుంది. లైవ్‌లో అయితే ప్లేయర్ ఆ సెకన్లు వదిలేసి ముందుకు దూకుతుంది. ఇక పాప కిందకి దిగిపోయినట్టే!

ఎవరిని అడిగినా ఒకటే సలహా: "ప్లాన్ మార్చు, 300 తీసుకో." నెలనెలా ఎక్కువ డబ్బు కట్టే ముందు అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవాలి కదా. అది చాలాసార్లు మన ప్లాన్‌లో ఉండదు. ఎక్కడుంటుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఒక చిన్న టెస్ట్

నెట్‌ఫ్లిక్స్‌లో 2020లో వచ్చిన "చీర్" అనే డాక్యుమెంటరీ సిరీస్ ఉంది. టెక్సస్‌లోని నవారో కాలేజ్ టీమ్ గురించి. అదే ఆట, అవే పిరమిడ్లు. అదే ఫోన్‌లో, అదే వైఫై మీద ప్లే చేస్తే ఒక్కసారి కూడా ఆగలేదు. వెంటనే కాంపిటీషన్ సైట్ ఓపెన్ చేస్తే మళ్ళీ గుండ్రం. ఫోన్, వైఫై, ప్లాన్ మూడూ మారలేదు. మారింది వీడియో ఎక్కడి నుంచి వస్తోందన్నదే.

నెట్‌ఫ్లిక్స్ తన వీడియోల కాపీలని ఓపెన్ కనెక్ట్ అనే సర్వర్లలో పెట్టి, ఇంటర్నెట్ కంపెనీల నెట్‌వర్క్ లోపలే ఉంచుతుంది. ట్రాఫిక్ తక్కువగా ఉండే టైమ్‌లో వాటిని ముందే నింపేస్తుంది. అంటే మీరు ప్లే నొక్కేసరికే ఆ సిరీస్ మీకు దగ్గర్లో ఉంటుంది. కాంపిటీషన్ వీడియో మాత్రం అమెరికాలోని సర్వర్ నుంచి బయల్దేరి రావాలి.

14 వేల కిలోమీటర్ల లెక్క

డల్లాస్ నుంచి హైదరాబాద్‌కి సూటిగా కొలిస్తేనే సుమారు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. ఆ లెక్కన వెళ్ళి రావడానికి తక్కువలో తక్కువ 140 మిల్లీసెకన్లు. కానీ కేబుల్ సూటిగా ఉండదు. మనకి సముద్రం లేదు కాబట్టి ముంబై మీదుగానో చెన్నై మీదుగానో వెళ్ళాలి, ఆ తర్వాత సముద్రం కింద చుట్టు తిరగాలి. కాబట్టి 250 మిల్లీసెకన్లు అనుకుందాం. దగ్గరి సర్వర్‌కి అయితే 10 అనుకుందాం.

ఇప్పుడు అసలు విషయం. డేటా మొదటి నుంచే ఫుల్ స్పీడ్‌తో రాదు. సర్వర్‌కి మీ లైన్ ఎంత మోయగలదో తెలియదు. అందుకే మొదట 10 ప్యాకెట్లు, అంటే సుమారు 14 కేబీ పంపి ఆగుతుంది. "అందాయి" అని మన ఫోన్ జవాబిస్తే తర్వాత రెట్టింపు పంపుతుంది. ఆ తర్వాత మళ్ళీ రెట్టింపు. దీన్నే స్లో స్టార్ట్ అంటారు. ఇలా 2 ఎంబీ ముక్క ఒకటి పూర్తిగా రావాలంటే దాదాపు 8 రౌండ్లు పడుతుంది.

దగ్గరి సర్వర్ నుంచి అయితే ఆ ముక్క పావు సెకను లోపే వచ్చేస్తుంది. దూరపు సర్వర్ నుంచి అయితే 8 రౌండ్లకి 2 సెకన్లు. కనెక్షన్ కలుపుకోవడానికి, సెక్యూరిటీ చెక్‌కి, ప్లేలిస్ట్ ఫైల్ తెచ్చుకోవడానికి పట్టే రౌండ్లు దీనికి అదనం. దారిలో ప్యాకెట్లు పోతే సర్వర్ చాలాసార్లు స్పీడ్ తగ్గించుకుంటుంది. రౌండ్ పొడవుగా ఉన్నప్పుడు మళ్ళీ పుంజుకోవడానికీ అంతే ఎక్కువ టైమ్ పడుతుంది.

ఈ లెక్కలో ఎక్కడైనా 100 ఎంబీపీఎస్ అడ్డొచ్చిందా? లేదు. ప్లాన్‌ని 300 చేసినా ఆ 8 రౌండ్లు 8 రౌండ్లే. స్పీడ్ టెస్ట్ యాప్ మామూలుగా దగ్గర్లో ఉన్న సర్వర్‌తోనే కొలుస్తుంది. అందుకే అక్కడ 98 చూపిస్తుంది, ఇక్కడ వీడియో నిలబడిపోతుంది. యాప్ చెప్పేదీ నిజమే, వీడియో ఆగేదీ నిజమే.

కోట్ల మంది చూస్తే ఆగదు, వంద మంది చూస్తే ఆగుతుంది

2019 ఐపీఎల్ ఫైనల్ మన ఉప్పల్ స్టేడియంలోనే జరిగింది. ఆ రోజు హాట్‌స్టార్‌లో ఒకేసారి 1.86 కోట్ల మంది చూశారు. అంత మంది చూసేది ఇబ్బంది లేకుండా వస్తుంటే, వంద మంది తల్లిదండ్రులు చూసే వీడియో ఎందుకు ఆగాలి?

కారణం క్యాష్. ఊరూరా ఉండే క్యాష్ సర్వర్లలో చోటు పరిమితం. ఎక్కువ మంది అడిగేది అక్కడే ఉంటుంది, ఎవరూ అడగనిది తీసేస్తారు. కాలనీ కిరాణా కొట్టు లాంటిదే ఇది. అందరూ కొనే బియ్యం, పప్పు ఎప్పుడూ ఉంటాయి. ఏడాదికి ఒకరు అడిగేది కావాలంటే బేగంబజార్ వెళ్ళాల్సిందే. మన పాప వీడియోని హైదరాబాద్‌లో అడిగేది బహుశా మా అమ్మ ఒక్కతే. కాబట్టి ఆ సైట్ వెనక మంచి సీడీఎన్ ఉన్నా, మొదటిసారి అడిగినప్పుడు అసలు సర్వర్ దాకా వెళ్ళి తేవాల్సి ఉంటుంది.

పిరమిడే ఎందుకు?

చీర్‌లీడింగ్ అనగానే మనకి ఐపీఎల్ బౌండరీ పక్కన డాన్స్ గుర్తొస్తుంది. కాంపిటీషన్ చీర్ వేరు. పల్టీలు, స్టంట్లు, మనుషుల మీద మనుషులు నిలబడే పిరమిడ్లు ఉంటాయి. ఈ ఆట అంతర్జాతీయ సంఘానికి 2021లో ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు కూడా ఇచ్చింది. ఆటగా ఎంత కష్టమో, వీడియో ఎన్‌కోడర్‌కి కూడా అంతే కష్టం.

1080పీ వీడియోని కంప్రెస్ చేయకుండా పంపాలంటే 30 ఫ్రేమ్స్‌కే దాదాపు 1,500 ఎంబీపీఎస్ కావాలి. దాన్ని 5 ఎంబీపీఎస్‌కి దించడానికి ఎన్‌కోడర్ ముఖ్యంగా చేసే పని ఏంటంటే, ముందు ఫ్రేమ్‌కీ ఇప్పటి ఫ్రేమ్‌కీ తేడా మాత్రమే పంపడం. న్యూస్ యాంకర్ అయితే పెదాలు, చేతులు తప్ప ఏమీ మారవు. చీర్‌లో ఇరవై మంది తలో దిక్కుకి దూకుతుంటారు. మెరిసే డ్రెస్సులు, ఊగే పామ్‌పామ్‌లు, వెనక జనం, పైగా కెమెరా కూడా కదులుతుంది. దాదాపు ప్రతి ఫ్రేమూ కొత్తదే. యూట్యూబ్ కూడా 1080పీ అప్‌లోడ్‌కి 30 ఫ్రేమ్స్ అయితే 8, 60 ఫ్రేమ్స్ అయితే 12 ఎంబీపీఎస్ వాడమంటుంది.

వీడియో కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. టీమ్ వరుసగా నిలబడిన ముక్క చిన్నది, పాపని పైకి విసిరే ముక్క పెద్దది. లైవ్‌లో ప్లేయర్ దగ్గర ముందే దాచుకున్నది కొన్ని సెకన్లే. పెద్ద ముక్క వచ్చేలోపు అది అయిపోతే వీడియో ఆగిపోతుంది. అంటే సరిగ్గా మనం చూడాలనుకున్న చోటే. ఇది మన దురదృష్టం కాదు, లెక్క ప్రకారమే జరుగుతోంది.

మీ ఇంట్లో తప్పు లేదా? అదీ చూసుకోండి

మా సందులో ఫోన్ వైఫై లిస్ట్ తెరిస్తే ఇరవైకి పైగా పేర్లు కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని చానెళ్ళు మూడే: 1, 6, 11. సాయంత్రం అందరూ వాటి మీదే ఉంటారు. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి మారండి. గోడలు దాటడంలో అది కాస్త వీక్, కాబట్టి రౌటర్ ఉన్న గదిలోనే చూడటం మంచిది.

ఇంకోటి, ఫోన్ చిప్. ఏవీ1 కోడెక్‌ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయడం స్నాప్‌డ్రాగన్‌లో 8 జెన్ 2తో మొదలైంది. పాత ఫోన్‌లో ఆ పని ప్రాసెసర్ మీద పడితే బొమ్మ కుదుపులతో వస్తుంది. చూసేవాళ్ళకి అదీ నెట్ స్లో లాగే అనిపిస్తుంది.

తప్పు ఎక్కడుందో ఇలా కనిపెట్టండి

1. ఆ ఒక్క సైట్ మాత్రమే ఆగుతోందా? అయితే సమస్య దూరం, లేదా వాళ్ళ సర్వర్. వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడండి. వేరే కంపెనీ అయితే అమెరికాకి దారి కూడా మారొచ్చు.

2. అన్నీ ఆగుతున్నాయా? రౌటర్‌కి లాప్‌టాప్‌ని కేబుల్‌తో కలిపి చూడండి. కేబుల్‌తో బాగుంటే వైఫైదే తప్పు. కేబుల్‌తోనూ ఆగితే అప్పుడు మీ ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేయండి.

3. యూట్యూబ్‌లో స్టాట్స్ ఫర్ నెర్డ్స్ ఆన్ చేయండి. బఫర్ హెల్త్ బోలెడు సెకన్లు ఉండి, డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరుగుతుంటే నెట్ బానే ఉంది, ఫోనే మోయలేకపోతోంది.

దూరమే సమస్య అయితే మీ వైపు నుంచి చేయగలిగింది తక్కువే. క్వాలిటీని ఆటో నుంచి 480పీకి మార్చండి, ముక్కలు చిన్నవవుతాయి. డౌన్‌లోడ్ ఆప్షన్ ఉంటే లైవ్ వదిలేసి ఫైల్ దించుకోండి.

అసలైన మందు అప్‌లోడ్ చేసేవాళ్ళ దగ్గరే ఉంది. మీ కాలేజ్ ఫెస్ట్ డాన్స్ వీడియోలు పెట్టేది మీరే అయితే ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. ఒకటి, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టండి. లింక్ ఉన్నవాళ్ళే చూస్తారు, క్వాలిటీ నెట్‌ని బట్టి మారుతుంది. హెచ్‌డీ తయారవడానికి టైమ్ పడుతుంది కాబట్టి అది పూర్తయ్యాకే లింక్ పంపండి. రెండు, సొంత సైట్‌లో ఎంపీ4 పెడితే దాని ఇండెక్స్ ఫైల్ చివర్లో ఉందేమో చూడండి. ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పేది ఆ ఇండెక్సే. అది చివర్లో ఉంటే ప్లేయర్ ముందు దాన్ని వెతికి తెచ్చుకోవాలి, కొన్నిసార్లు ఫైల్ మొత్తం దిగేదాకా బొమ్మ రాదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఫాస్ట్‌స్టార్ట్ అనే ఆప్షన్ ఇస్తే ఆ ఇండెక్స్ ముందుకి వస్తుంది. మళ్ళీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు, క్వాలిటీ పోదు.

ప్లాన్ పెంచాలా వద్దా అన్నది ఈ మూడు టెస్టులూ చేశాకే తేల్చుకోండి. మా ఇంట్లో చేశాక తేలింది ఇదే: 100 చాలు. 300కి కట్టాలనుకున్న డబ్బు మిగిలింది, టీమ్ వాళ్ళకి అన్‌లిస్టెడ్ లింక్ కోసం మెసేజ్ వెళ్ళింది.