తిరునాళ్ళలో తుపాకి

తుపాకి అన్న మాట మన సొంతం కాదు. తురుష్క, పారసీక భాషల దారిన నడిచివచ్చి మన నోట స్థిరపడింది. మాట ఇంటిదైపోయింది గాని, వస్తువు మాత్రం ఈనాటికీ మన ఇళ్ళకు పరాయిదే. మధ్యతరగతి గృహస్థు దాన్ని చూసేది రెండు చోట్ల: బ్యాంకు గుమ్మం దగ్గర, సినిమా తెర మీద.

అయితే ముండ్లమూరు, దర్శి వైపు మెట్టపొలాలకు పోయి రాత్రి కాపలా కాసే రైతు నడగండి. అడవిపందుల మంద ఒక్క రాత్రి దిగిందంటే, కందిచేనో మొక్కజొన్నో తెల్లవారేసరికి ఎట్లా ఉంటుందో అతను చెబుతాడు. అతని దృష్టిలో తుపాకి వీరత్వానికి గుర్తు కాదు. పలుగూ పారా ఎట్లాంటివో అదీ అట్లాంటిదే. చట్టం కూడా అతన్ని మరచిపోలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం, పంట కాపుదలకు నిజంగా అవసరమైన వానికి మందు కూరి పేల్చే తుపాకి లైసెన్సు ఇవ్వాలని చెప్పింది. ఆస్తి చాలదన్న ఒక్క కారణం మీద లైసెన్సు కాదనరాదని కూడా చెప్పింది. ఇది చాలామందికి తెలియని సంగతి. తుపాకి లైసెన్సు ఉంటే పందిని చంపవచ్చునని మాత్రం అనుకోరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానికి వేరే అనుమతి కావాలి.

ఇంతకూ ప్రశ్న ఏమిటంటే, నలుగురు తిరిగే చోటికి తుపాకి తేరాదని ప్రభుత్వం అంటే, కాదని వాదించే హక్కు లైసెన్సుదారునికి ఉందా? ఉంటే ఏమని వాదించాలి?

కాస్త వెనక్కు పోదాం. 1878లో లిట్టన్ ప్రభువు హయాములో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుల చేతిలోని ఆయుధాన్ని లైసెన్సు గొలుసుతో కట్టింది. యూరపియనులకు మినహాయింపులు, మనకు ఆంక్షలు! ఆ అవమానం ఎంతగా మండిందంటే, 1931 కరాచీ కాంగ్రెసు ప్రకటించిన ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా చేరింది. తీరా స్వరాజ్యం వచ్చాక, 1948 డిసెంబరులో హెచ్. వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చాలని రాజ్యాంగసభలో సవరణ తెచ్చారు. సభ ఒప్పుకోలేదు. అంతేకాదు, 19వ అధికరణం సమావేశ స్వాతంత్ర్యం ఇస్తూనే, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా అని షరతు పెట్టింది.

ఈ షరతులోని అంతరార్థం మన జిల్లావారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు నిరసనగా మదరాసు వీధిలో తుపాకులకు రొమ్ము చూపిన ప్రకాశం పంతులుగారి పేరే గదా 1972లో ఈ జిల్లాకు పెట్టారు! ఆనాడు ఆయన చేతిలోనూ ఒక తుపాకి ఉంటే అది వట్టి కొట్లాట అయ్యేది. చేతులు ఖాళీగా ఉన్నాయి గనుకనే చరిత్ర అయింది.

కనుక జనసమ్మర్దంలో ఆయుధం కూడదన్నది మనకు కొత్త నీతి కాదు. 1962 నియమాల కింద ఇచ్చిన లైసెన్సు షరతుల్లోనే, జిల్లా మెజిస్ట్రేటు ప్రత్యేక అనుమతి లేనిదే సంతకు గాని, తిరునాళ్ళకు గాని, మతపరమైన ఊరేగింపుకు గాని, విద్యాలయ ఆవరణలోకి గాని ఆయుధం తీసుకుపోరాదని ఉండేది. 2016 నియమాలు, బహిరంగ స్థలంలో తుపాకిని ఒరలోనో సంచిలోనో ఉంచి తీసుకుపోవాలన్నాయి. పెళ్ళిపందిట్లో సరదాకు పేల్చే పెద్దమనుషుల కోసం 2019 సవరణ రెండేళ్ళ వరకు జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో చూపింది. ఈ కట్టుబాట్ల మీద తగవేముంది?

తగవంతా ఆజ్ఞ ఎవరిది, ఎందుకు అన్న దగ్గర వస్తుంది.

మన పట్టణంలో మునిసిపాలిటీవారు పార్కు గేటుకు ఒక బోర్డు తగిలించి "తుపాకులు నిషేధం" అని రాశారనుకోండి. పూలు కోయరాదని రాసే అధికారం వారికుంది. కాని ఆయుధాలన్నవి రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో కేంద్ర జాబితా అయిదవ పద్దు. లైసెన్సు వ్యవహారం జిల్లాలో కలెక్టరుగారి కఛేరీది. శాంతిభద్రతల కోసం నిషేధాజ్ఞ కావాలంటే అది మెజిస్ట్రేటు చేయాలి. ఇన్నాళ్ళూ 144వ సెక్షన్ అని పిలుచుకున్నదే, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163 అయింది. మెజిస్ట్రేటు ఆజ్ఞకు సాధారణంగా రెండు నెలలే ఆయుష్షు. బాధితుడు దరఖాస్తు పెడితే అతని మాట త్వరగా వినాలి, కాదంటే కారణం కాగితం మీద రాయాలి.

ఇదే తగవు సముద్రాలకు ఆవల, మన తెలుగు పిల్లలు ఎందరో ఉద్యోగాలు చేసుకుంటున్న సియాటిల్ నగరంలో కోర్టు కెక్కింది. 2008లో అక్కడ ఒక జానపద ఉత్సవంలో, అంటే వారి తిరునాళ్ళలో, తుపాకి పేలి కొందరు గాయపడ్డారు. మేయరు గ్రెగ్ నికెల్స్‌కు మనసు కలత పడింది. 2009లో నగరపు పార్కులలో తుపాకులు నిషేధిస్తూ నిబంధన తెచ్చారు. తుపాకిదార్లు దావా వేశారు. 2010లో దిగువ కోర్టు, 2011లో అప్పీలు కోర్టు నిబంధన చెల్లదన్నాయి. ఎందుచేత? పార్కులో తుపాకి మంచిదని కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ విషయంపై శాసనం చేసే అధికారం రాష్ట్రానిదే గాని నగరానిది కాదని. ఉద్దేశం మంచిదే, అధికారం లేదు! మంచిపని చేసేవారు కూడా తమ గిరి దాటరాదన్నదే ఆ తీర్పు సారాంశం.

మన దేశంలో ఈ తగవు పార్కుల దగ్గర గాక ఎన్నికల దగ్గర వచ్చింది. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషనులో అప్పగించమనడం రివాజు. 2024లో మన రాష్ట్రంలో మార్చి 16న ప్రకటన, జూన్ 4న ఫలితాలు: ఎనభై రోజులు. ఊరికి దూరంగా నిమ్మతోటలో భార్యతో ఒంటరి కాపురముండే ముసలి రైతును తలచుకోండి. ఏ తగాదాకూ పోనివాడు, ఏ పార్టీ జెండా పట్టనివాడు. కొట్లాటలు చేసే వాడి దొంగతుపాకి ఎట్లాగూ స్టేషనుకు రాదు. చట్టానికి తలవంచిన వాడిదే అరుగు మీదికి చేరుతుంది. గొడ్డలి ఒకడిది, గాయం ఒకడిది అన్నట్టు!

2009లో బొంబాయి హైకోర్టు ఎదుటికి ఇటువంటి వివాదం వచ్చింది. అందరినీ ఒకే గాట కట్టరాదని, ప్రతి లైసెన్సునూ పరిశీలించే సంఘం ఉండాలని తేలింది. ఆ సంవత్సరమే ఎన్నికల సంఘం ఆ మేరకు ఆదేశాలిచ్చింది. జామీను మీద ఉన్నవారు, నేరచరిత్ర గలవారు, మునుపు అల్లర్లలో చిక్కుకున్నవారు - వీరి సంగతి ముందు చూడాలి. అయినా కాగితం మీది మాట గుమ్మం దాకా రావడానికి కాలం పడుతుంది. 2024 మార్చిలో అలహాబాదు హైకోర్టు లక్నో ధర్మాసనం, సంఘం పరిశీలించి కారణం చూపకుండా తుపాకి అప్పగించమని ఒత్తిడి చేయరాదని మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

దీన్నిబట్టి తుపాకి పట్టడం మన హక్కని ఎవరూ మీసం మెలివేయనక్కరలేదు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, లైసెన్సు లేని తుపాకుల విషయం విచారణకు తీసుకుంటూ, అమెరికాలో మాదిరి ప్రాథమిక హక్కును మన రాజ్యాంగం ఎవరికీ ఇవ్వలేదని గుర్తు చేసింది. ఉన్న హక్కల్లా వేరు: కారణం అడిగే హక్కు. లైసెన్సు నిరాకరిస్తే కారణం రాసి, అడిగితే తెలియజేయాలని చట్టమంటుంది. రద్దు చేస్తే పై అధికారికి అప్పీలు ఉంది. ఆ పైన హైకోర్టు ఉంది. ప్రజాప్రయోజనం దృష్ట్యా కారణం చెప్పడం సరికాదనుకుంటే అధికారి చెప్పకపోవచ్చు గాని, ఆ మినహాయింపు నియమాన్ని మింగివేయరాదు.

పార్కులో ఉయ్యాల ఊగే పిల్లకూ, తోటలో ఒంటరిగా పడుకునే ముసలాయనకూ చట్టం ఒక్కటే కాపలా. పిల్ల కోసం ఆంక్ష ఉండాలి, ముసలాయన కోసం ఆ ఆంక్షకు కారణం ఉండాలి. ఈసారి ఎన్నికల నాటికి మీ ఇంట్లో లైసెన్సు తుపాకి ఉంటే, నోటీసు వచ్చినప్పుడు గొడవ పడకండి. చేతికి రసీదు తీసుకోండి, కారణం రాతలో అడగండి. ఆ రెండు కాగితాలే రేపు కోర్టులో మీ తరఫున మాట్లాడతాయి.